పసుపు మంచిదే, పొడి మంచిదేనా?

నవంబరు ముసురు పట్టిందంటే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఎండుమిర్చి డబ్బా మూత తీయగానే ముక్కిపోయిన వాసన. కాయ విరిస్తే గింజల చుట్టూ బూడిదరంగు బూజు. చాలామంది దులిపి, వేయించి మిల్లులో పట్టించేస్తారు. ఆ పని వద్దు. బూజు దులిపినా అది విడిచిన అఫ్లాటాక్సిన్ కాయలోనే ఉంటుంది, వంటింటి వేడికి పోదు. ఏళ్ల తరబడి తింటే కాలేయ కేన్సర్‌కు దారితీసే విషమది.

మసాలా దినుసుల్లో ఒంటిని కాపాడే యాంటీఆక్సిడెంట్లున్నాయన్న ప్రచారంలో ఈ ఊసే రాదు. అలాంటి పదార్థాలే అయిన యూజెనాల్ లవంగంలో, కర్క్యుమిన్ పసుపులో ఉన్నమాట నిజమే. కానీ లెక్క చూడండి. పప్పులో వేసే పావు చెంచా పసుపు అర గ్రాము పైచిలుకు. 3 శాతం చొప్పున అందులో కర్క్యుమిన్ 15-20 మిల్లీగ్రాములు. రక్తంలోకి చేరేది బహు కొంచెం. పరీక్షనాళికలో కనిపించిన బలం ఒంట్లోనూ పనిచేస్తుందన్న రుజువు లేకే, అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తి పట్టికను 2012లో తొలగించింది.

ఆ కొరత తీరుస్తామంటూ మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలొచ్చాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు జోడిస్తే, ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఇలాంటి మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు డాక్టరును అడగకుండా వాటిని ముట్టకూడదు. మిరియాల చారుకు ఈ భయం లేదు, నిశ్చింతగా తాగండి.

అసలు భయం విడి పొడులతోనే. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేసి కదపకుండా వదిలితే, మంచిది లేత రంగుతో అడుగుకు దిగుతుంది. రంగు కలిపినదైతే నీళ్లు చిక్కగా పచ్చబడతాయి. కానీ కల్తీకి వాడే పచ్చరంగు లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు, అందులో పిల్లల మెదడును దెబ్బతీసే సీసముంటుంది. దాన్ని ప్రయోగశాలే తేల్చాలి. పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఆహార భద్రతా అధికారులు ముసురుకు ముందే అంగళ్లలో, మిల్లుల్లో నమూనాలు తీసి ఫలితాలను బయటపెట్టాలని కోరుతున్నాం.

ఇళ్లలో కొమ్ములు, కాయలే నిలవ ఉంచండి. మిరపకాయలను ఊపితే గింజలు గలగలమనేదాకా ఏప్రిల్ ఎండలో ఎండబెట్టి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తండి. రెండు నెలలకు సరిపడా పొడి మాత్రమే మిల్లులో పట్టించండి. మిల్లు నుంచి తెచ్చిన పొడిని శుభ్రమైన గుడ్డపై పరచి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత బిగిస్తే లోపల చెమ్మ పడుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది.