టీ దగ్గర పొదుపు చెయ్యండి, కేడీ దగ్గర వద్దు

విరిగిన టీని, అంటే గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న మేకును, వంగి ఏరి జేబులో వేసుకునే మనిషిని చూసి నవ్వడం మన తెలుగు సంఘాల గోల్ఫ్ పోటీల్లో మామూలైపోయింది. శీతాకాలం సెలవులకు విదేశాల నుంచి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వచ్చే మన పిల్లలు ఆ నవ్వును ఇక్కడికీ తెస్తున్నారు. వేల డాలర్ల కిట్టు భుజాన వేసుకుని చెక్కముక్క కోసం వంగడమేమిటని వాళ్ళ ప్రశ్న. నేను ఆ వంగేవాళ్ళ పక్షం. ఎందుకో చెబుతాను. ఆ పొదుపు ఎక్కడ ఆగాలో కూడా చెబుతాను.

కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మా బావగారి జేబులో ఎప్పుడూ మూడు రకాల టీలుంటాయి. పొడుగుది డ్రైవర్‌కి, అంటే దూరం కొట్టే పెద్ద తల కర్రకి. సగం విరిగింది పార్ త్రీలో, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్‌లో, ఐరన్ అనే ఇనుప తల కర్రకి. ఇక దేనికీ పనికిరాని మొనముక్క గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద, బంతి పడ్డ గుంటను సరిచెయ్యడానికి. పార్ త్రీలో మొదటి దెబ్బ కొట్టే జాగా, టీ బాక్స్ ఎక్కగానే ఆయన చూపు ముందు నేలమీదికి పోతుంది. అక్కడే విరిగినవి ఎక్కువ దొరుకుతాయి మరి. ఐరన్ పైనుంచి కిందికి దిగుతూ బంతిని కొడుతుంది కాబట్టి టీ మట్టిలోకి దిగబడుతుంది, లేదా విరుగుతుంది. ఆడినవాళ్ళు దాన్ని వదిలేసి నడిచిపోతారు.

ఇందులో పిసినారితనం ఏమీ లేదు. ఐరన్‌తో కొట్టేటప్పుడు బంతి గడ్డికి కాస్త పైన నిలబడితే చాలు, దానికి సగం టీ ఎక్కువే. డ్రైవర్ సంగతి వేరు. ఇప్పటి డ్రైవర్ తలకాయ 460 ఘన సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. బంతిలో సగమైనా దాని పై అంచు దాటి కనబడాలంటే టీ పొడుగ్గా ఉండాల్సిందే. మూడుంపావు అంగుళాల టీలు వాడుకలోకి వచ్చింది అందుకే. నిబంధన ప్రకారం నాలుగు అంగుళాలు మించకూడదు. అంటే ఒకే టీ మొదట డ్రైవర్‌కి, విరిగాక ఐరన్‌కి పనికొస్తుంది. పట్టు మగ్గాల ఊరు మాది. తెగిన దారాన్ని ముడివేసి నేత సాగించే ఇళ్ళ మధ్య పెరిగినవాళ్ళకు ఇది ఒకరు నేర్పాలా?

అసలు టీని వదిలేసి పోవడం ఆటతో పుట్టిన మర్యాద కాదు. పూర్వం టీయే లేదు. తడి ఇసుకను చిటికెడు తీసి చిన్న కుప్ప చేసి, దానిమీద బంతి పెట్టేవారు. ఆ కుప్ప చేసి ఇచ్చింది చాలాచోట్ల ఆటగాడి బ్యాగు మోసే కేడీయే. 1899 డిసెంబర్ 12న జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ అనే పళ్ళ డాక్టరు నేలలో గుచ్చే కొయ్య టీకి అమెరికాలో పేటెంట్ పొందారు. బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రుల బిడ్డ ఆయన. హార్వర్డ్‌లో దంతవైద్యం చదివి, అక్కడే పాఠం చెప్పిన తొలి నల్లజాతి అధ్యాపకుడు. టీలు చేయించి స్నేహితులకు పంచారు తప్ప అమ్మకానికి పెట్టలేదు. అమెరికా గోల్ఫ్ సంఘం ఆయన పేరును గుర్తించేసరికి 1991 వచ్చింది. మన పత్రికలో గోల్ఫ్ గురించి ఎవరు రాసినా ఈయన్ని తలవకుండా రాయకూడదని నా పట్టుదల.

వ్యాపారంగా నిలబెట్టింది విలియం లోవెల్. చిత్రంగా ఆయనా పళ్ళ డాక్టరే. ఊరు న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్. మనవాళ్ళు నిండిన ఎడిసన్‌కి అదేమంత దూరం కాదు. 1920ల మొదట్లో ఆయన ఎర్ర రంగు టీలు చేయించి, వాల్టర్ హేగెన్, జో కర్క్‌వుడ్ అనే పేరున్న ఆటగాళ్ళకు డబ్బిచ్చి వాడించారు. హేగెన్ కొట్టిన చోటే టీని వదిలేసి నడిచేవాడనీ, పిల్లలు వాటికోసం ఎగబడేవారనీ చెబుతారు. వదిలేయడం అలా ప్రచారమైంది. వందేళ్ళ కిందటి అమ్మకపు ఎత్తుగడను దర్జా అనుకుని మనవాళ్ళు ఇప్పటికీ పాటిస్తున్నారు.

టీ లేకుండా ఆడటం నేటికీ నిబంధనలకు లోబడిందే. టీ బాక్స్‌లో ఇసుక కుప్ప మీద బంతి పెట్టుకోవచ్చు, నేలనే కాస్త లేపుకోవచ్చు. 1987లో అమెరికా మహిళల ఓపెన్ గెలిచిన లారా డేవిస్ క్లబ్‌తో నేలను పొడిచి, లేచిన గడ్డిపెళ్ళ మీద బంతి పెట్టి కొడుతుంది. అది ఆమెకు చెల్లింది. మా వైపు ఎండలకు గడ్డి బతకడమే కష్టం, నేలను పొడవద్దని మాత్రం మనవి.

ఇక ఆగాల్సిన చోటు. బంతి పోతే మూడు నిమిషాలు వెతకాలి, అంతే. 2019కి ముందు అయిదు ఉండేవి. పాత బంతిని వదులుకోలేక తుప్పల్లో తిరుగుతూ వెనక జట్లను ఎండలో నిలబెట్టేవాళ్ళది పొదుపు కాదు, ఇతరుల సమయం తినడం.

అంతకన్నా నన్ను బాధపెట్టేది కేడీతో బేరం. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మనుషులు వీళ్ళు. నెల జీతం ఉండదు, రౌండు ఆడితేనే కూలి. వాన కురిస్తే అదీ లేదు. పద్ధెనిమిది హోల్స్ పూర్తి రౌండు అంటే బ్యాగు మోస్తూ ఆరేడు కిలోమీటర్లకు తక్కువ నడవరు. కిందటి చలికాలంలో ఒకాయన టీల కొత్త ప్యాకెట్టు చింపి, విరిగినవన్నీ అక్కడే పారేసి, చివర్లో కేడీ దగ్గర ముప్ఫై రూపాయలు కోశాడు. "బాబూ, పొద్దున్నుంచి ఇదొక్కటే రౌండు" అన్నాడా కుర్రాడు. ఆయన కారెక్కేశాడు. బావగారు కుర్రాణ్ణి పిలిచి, "ఒరే, ఇలా రా" అని ఆ ముప్ఫై చేతిలో పెట్టి, పారేసిన టీలు తను ఏరుకున్నారు. ఆయన పొదుపు ఎవరి కూలినీ తగ్గించదు. నేను సమర్థించేది దాన్నే.

మన సంఘం పోటీలకు రెండు మార్పులు కోరుతున్నాను. కేడీ కూలి ప్రవేశ రుసుములోనే కలిపి, ఆట మొదలవకముందే వాళ్ళ చేతికివ్వండి. బేరానికి తావే ఉండదు. రెండోది, బహుమతి సంచిలో ప్లాస్టిక్ టీలు మానండి. అవి మట్టిలో కలవవు, గడ్డి కోసే యంత్రం బ్లేడుకూ చేటు. రాయగడ, కోరాపుట్ కొండల్లో వెదురు ఉంది, బుట్టలూ చేటలూ అల్లే చేతులున్నాయి. వెదురు టీ మామూలు కొయ్య టీ కంటే ఎక్కువ దెబ్బలకు ఆగుతుందని ఆడేవాళ్ళలో చాలామంది అనుభవం. చెక్కించి చూద్దాం, సరిగా రాకపోతే సరిచేయిద్దాం. నేర్చుకునే రోజులకూ కూలి సంఘమే ఇవ్వాలి.

నమూనాకి కొలతలు ఇవి: డ్రైవర్‌కి 83 మిల్లీమీటర్లు, ఐరన్‌కి 54. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గదు కాబట్టి, అది జారకుండా కూర్చునేలా తలమీద గుంట తీయాలి. మొన మరీ పదునుగా వద్దు, జేబు చిరుగుతుంది. రంగు వేయనక్కర్లేదు.