బోర్లించినా ఏనుగు ఏనుగే

నల్లగొండలో మొన్న జరిగిన పిల్లల చెస్ టోర్నీ మీద వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. 'గెలిచే ఆటను ఆర్బిటర్ (ఆట రిఫరీ) లంచం తిని డ్రా చేసి మన పిల్లాడి నోరు కొట్టాడు' అని. పక్క బోర్డులో మా అమ్మాయి ఆడుతోంది, తాడు ఇవతల నిలబడి ఆ ఆటంతా చూశాను.

'బంటును చివరి గడికి చేర్చి మంత్రిని తెచ్చుకుంటే, దాన్ని ఏనుగు అన్నారు.' అన్నారు, ఎందుకంటే అతను పెట్టింది ఏనుగునే. మంత్రి చేతికి దొరక్క, చచ్చిన ఏనుగును బోర్లించి గడియారం నొక్కాడు. ఇళ్లల్లో అందరం అట్లాగే ఆడతాం, మిర్యాలగూడలో మా మామయ్య నాకు నేర్పిందీ అదే. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే రూల్స్‌లో మాత్రం అది చెల్లదు. 2017లో కెనడా జాతీయ చాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో (పాయింట్లు సమానమైతే విజేతను తేల్చే ఆటలో) నికొలాయ్ నోరిట్సిన్ అనే ఆటగాడు కూడా ఇట్లాగే చేశాడు. అతనికి కావాల్సిన మంత్రి ఎదుటి ఆటగాడి చేతిలోనే ఉండిపోయింది. అయినా ఆర్బిటర్ దాన్ని ఏనుగుగానే లెక్కేశాడు. ఆటా పోయింది, టైటిలూ పోయింది.

'ఆర్బిటరే మంత్రిని తెచ్చివ్వాలి కదా?' అడిగితే ఇస్తాడు. కావాల్సిన పావు లేకపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవొచ్చని రూల్‌లోనే ఉంది. పిల్లాడు ఆపలేదు. టెన్షన్! చేతిలో నిమిషం కూడా లేదు. పైగా ఆ ఏనుగును ఐమూలగా జరిపి మళ్లీ గడియారం నొక్కాడు. తప్పు ఎత్తు కింద ఎదుటి పిల్లాడికి 2 నిమిషాలు కలిశాయి.

'ఒంటి రాజుకు అర పాయింటా?' ఇక్కడే మెసేజ్ పూర్తిగా తలకిందులైంది. ఒంటి రాజును మంత్రితో ఎక్కువలో ఎక్కువ 10 ఎత్తుల్లో ఆట కట్టించొచ్చు, ఏనుగుతో 16 దాకా పట్టొచ్చు. అంతలోపే మన వాడి టైం అయిపోయింది. టైం అయిపోతే మామూలుగా ఓటమే. ఎదుటివాడికి రాజు ఒక్కటే మిగిలితే ఎన్ని ఎత్తులు వేసినా ఆట కట్టించలేడు కాబట్టి డ్రా ఇస్తారు. అంటే ఆ రూల్ కాపాడింది మన పిల్లాడినే.

లంచం మాటకు జవాబు అనవసరం. కానీ దానికింద ఎదుటి పిల్లాడి ఫొటో పెట్టారు. అమ్మ చెయ్యి పట్టుకుని దేవరకొండ బస్సెక్కిన చిన్నోడు వాడు. ముందు అది తీసేయండి.

నిర్వాహకులను నిలదీయాల్సింది ఒకటుంది. ప్రతి బోర్డు పక్కన రెండో మంత్రిని ఎందుకు పెట్టలేదు? మెసేజ్‌లో ఆ ఊసే లేదు.