చుక్క ఒక తాన, ఇల్లు ఒక తాన

వరంగల్ చౌరస్తా దాటి బట్టల బజార్ సందులల్లకు పోంగనే మ్యాప్ మీది నీలం చుక్క పక్క గల్లీకి దుంకుతది. 20 వేల కిలోమీటర్ల పైనున్న జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్ మేడల గోడలకు, అద్దాలకు తాకి ఆలస్యంగ అందుతది. ఫోనేమో ఆ ఆలస్యాన్ని గూడ దూరం కిందనే లెక్కగడ్తది. ఆరుబయట ఐదారు మీటర్ల తేడాతోని చూపిచ్చే ఫోనే ఇది! ఉపగ్రహాలు పంపే ఎల్1 అనే మామూలు సిగ్నల్‌తో పాటు ఎల్5 అనే ఇంకో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ గూడ అందుకునే చిప్ ఉంటే ఈ తప్పు బాగ తగ్గుతది. జీపీఎస్ లెక్కనే దారి చూపే మన దేశపు ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ గూడ ఎల్5 మీద సిగ్నల్ ఇస్తది. కానీ చౌక ఫోన్లల్ల చాలావాటికి ఆ చిప్పే లేదు. పార్సిల్ తెచ్చే పిలగాండ్లు వాడేది అవే, ఎండల తిరిగి తిరిగి సొమ్మసిల్లుతున్నరు. రేపు అంబులెన్స్ గిట్ల తిరిగితే? కంపెనీలు చౌక ఫోన్లల్ల గూడ ఆ చిప్ పెట్టాలె. అప్పటిదాక గల్లీ మొగదల పేరు బోర్డన్న పెట్టుండ్రి!