రీజెన్సీ ప్రేమకథల్లో భక్తి అతికించింది కాదు

"రీజెన్సీ ప్రేమకథల్లోకి దేవుణ్ణి, ప్రార్థనని ఇరికించింది ఇప్పటి అమెరికన్ క్రైస్తవ ప్రచురణకర్తలే. ఆ కాలపు ఇంగ్లండ్‌కి డ్యాన్సులు, జూదం తప్ప ఏం పట్టలేదు. పైగా భక్తి ఉన్నచోట టెన్షన్ ఉండదు" అనే మాట తెగ షేర్ అవుతోంది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు ఆ ఇరికించడం సంగతి. రీజెన్సీ అంటే ఇంగ్లండ్‌లో 1811 నుంచి 1820 దాకా, రాజు మూడో జార్జి మతి చెడి, ఆయన బదులు కొడుకు రీజెంటుగా ఏలిన కాలం. ఆ కాలంలో నడిచే ప్రేమ నవలలే రీజెన్సీ ప్రేమకథలు. ఆ కాలానికి కాస్త ముందు, 1808 చివర్లో, ఇంగ్లీషు రచయిత్రి హన్నా మోర్ నవల ఒకటి వచ్చింది. భక్తిగల భార్య కోసం ఒక కుర్రాడు వెతుక్కోవడమే దాని కథ. ఉపదేశం పాలు ఎక్కువే, నిజమే, అయినా జనం ఎగబడి కొన్నారు, ఏడాది తిరక్కుండానే మళ్లీ మళ్లీ అచ్చయింది. అదే సమయంలో, 1809లో, తనకు ఇవాంజెలికల్స్ (చర్చిలో భక్తిని గట్టిగా పాటించాలనే వర్గం) నచ్చరని ఉత్తరంలో రాసిన నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్, 1814కల్లా మేనకోడలికి రాస్తూ, మనమంతా ఇవాంజెలికల్స్‌లా ఎందుకు ఉండకూడదన్న ధోరణికి వచ్చింది. పాస్టరు గారి కూతురే ఇంత ఊగిసలాడిందంటే ఆ చర్చ ఇళ్లలో ఎంతగా నడిచి ఉంటుందో చూడండి.

ఇక డ్యాన్సులు, జూదం. రీజెంట్ జల్సాలు ఎవరూ కాదనరు. కానీ అదే లండన్లో ఇవాంజెలికల్ ఎంపీ విల్బర్‌ఫోర్స్ బృందం పోరాడి 1807లో బానిస వ్యాపారాన్ని చట్టంతో ఆపించింది. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందిన ఎలిజబెత్ ఫ్రై 1813లో న్యూగేట్ జైలు ఆడఖైదీల దగ్గరికి వెళ్లి, 1817లో వాళ్ల పిల్లలకి బడి పెట్టింది. ఆ ఊపు మన విశాఖపట్నం దాకా వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో అక్కడ దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి పూనుకున్నారు.

టెన్షన్ లేదనడం మాత్రం నాకు అసలు మింగుడుపడదు. ఇంగ్లండ్‌లో 1753 పెళ్లిళ్ల చట్టం ప్రకారం, చర్చి ప్రత్యేక అనుమతి (లైసెన్సు) తీసుకోకపోతే, మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదివాకే పెళ్లి. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లోనూ పెళ్లి ప్రకటన చదువుతారు కాబట్టి ఆ క్షణం ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరు అడిగి ఆగుతాడు, ఊరంతా తలలు తిప్పి చూస్తుంది, అమ్మాయి పాటల పుస్తకంలోంచి తల ఎత్తదు. ఇప్పుడు ఆ అబ్బాయిని జమీందారు ఇంటి రెండో కొడుకుని చేయండి. ఆస్తంతా అన్నకే పోతుంది, ఇతనికి మిగిలింది చర్చిలో పాస్టరు ఉద్యోగం, మనసులో నమ్మకం లేదు, ఆ ఉద్యోగం ఇచ్చే హక్కేమో అమ్మాయి తండ్రి చేతిలో ఉంది. నిజం చెప్తే జీతమూ పోతుంది, పిల్లా దక్కదు. చెప్పకపోతే ప్రతి ఆదివారం అబద్ధమే. భక్తి నవల కాబట్టి ముద్దు సీన్ లేకపోతే ఇందులో తగ్గేదేముంది?

ఒక విమర్శకి మాత్రం తల వంచాలి. చక్కెర తోటల డబ్బుతో హీరో బంగళా కట్టుకుంటే, ఆ డబ్బు ఊసెత్తకుండా అతణ్ణి పుణ్యాత్ముణ్ణి చేసే నవలలు ఉన్నాయి. ఇంగ్లండ్ చర్చి మిషన్ సంస్థకే కరీబియన్ దీవి బార్బడోస్‌లో బానిసలు పనిచేసే తోటలుండేవి. దాన్ని దాచే రచయితలని గట్టిగా నిలదీయండి, నేనూ మీతో కలుస్తాను.