సవరణ: బెంట్లీ కాంటినెంటల్ జీటీ కారు గురించి

మొన్నటి పోస్టులో ఈ కారు పన్నెండు సిలిండర్ల డబ్ల్యూ12 ఇంజన్‌ని "రెండు వీ6లు పక్కపక్కన అతికించినట్టు" అని రాసేశాను. తప్పు. అవి మామూలు వీ6లు (వీ ఆకారంలో రెండు వరసల్లో ఆరు సిలిండర్లుండే ఇంజన్లు) కావు, వరసలు బాగా దగ్గరగా ఉండే వీఆర్6లు. ఒక్కో దాంట్లో రెండు వరసల సిలిండర్ల మధ్య కోణం 15 డిగ్రీలే, అందుకే రెండు వరసలకీ కలిపి ఒకే సిలిండర్ హెడ్ (సిలిండర్ల పైనుండే మూత) సరిపోతుంది. అలాంటివి రెండింటిని 72 డిగ్రీల కోణంలో ఒకే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద కూర్చోబెట్టారు. పన్నెండు సిలిండర్లున్నా ఇంజన్ పొట్టిగా ఉండటానికి కారణం ఇదే. అసలు తెలివంతా అక్కడే ఉంటే, నేను దాన్నే వదిలేశాను!

ఇంకొకటి: "డబ్ల్యూ12 ఇప్పటికీ వస్తోంది" అన్నాను. లేదు. ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీలో 2024 జూలైలో ఆపేశారు. ఇప్పటి జీటీ స్పీడ్‌లో ఉన్నది 4 లీటర్ల వీ8, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు.

ఏసీ గాలి రంధ్రాల దగ్గరుండే లోహపు పిడిని తిప్పాలని రాశాను కదా, అదీ పొరపాటే. హార్మోనియం స్టాపుల్లా లాగాలి, నెట్టాలి.