ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు

వేసవిలో మన విశాఖ జలాశయాలైన ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ నీటిపై పల్చగా నూనె పరిస్తే ఆవిరి ఆగుతుందని వ్యాసంలో రాశారు. ఏ నూనైనా సరే అన్నట్టు రాయడం మాత్రం తప్పండి. వంటనూనెల్లో ఉండే ఒలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లపు కార్బన్ గొలుసు మధ్యలో వంగి ఉంటుంది. అలాంటివి ఒత్తుగా చేరలేవు, సందుల్లోంచి నీటి అణువులు సులువుగా పోతాయి. సెటైల్ ఆల్కహాల్ అనే మైనం లాంటి పదార్థం అలా కాదు. దాని అణువు 16 కార్బన్ల తిన్నని గొలుసు; ఆ అణువులు తల నీటిలో, తోక గాలిలో, నారుమడిలో మొక్కల్లా ఒత్తుగా నిలబడతాయి. మందం ఒక్క అణువే, సుమారు 2 నానోమీటర్లు. అంత పల్చటి పొర ఆవిరిని తగ్గిస్తుందని 1925లోనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త ఎరిక్ రైడియల్ ప్రయోగం చేసి చూపించారు. ఎంత గొప్ప సంగతో చూడండి!

మన విశాఖలో అసలు చిక్కు గాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే పొర మొత్తం ఒక ఒడ్డుకు పోతుంది, మళ్లీ మళ్లీ చల్లాలి. పైగా ఆవిరి తగ్గితే నీరు చల్లబడక వేడెక్కుతుంది, ఆదాలో కొంత అక్కడే పోతుంది. ముడసర్లోవలో నీటిపై తేలే సోలార్ పలకలు ఉన్నాయి కదా, నీడనిచ్చే అలాంటివి పెంచడమే మేలని నా అభిప్రాయం. అవి మనం తాగే నీళ్లు, ఏది చల్లినా ముందు పరీక్షించాలి.