ఉస్తాద్ మణికట్టుకు ముద్ర వేయాలి

ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు తెచ్చిన రైతు, కాటా మీద అంకె నిలిచేదాకా కన్నార్పడు. పావుకిలో తేడా వచ్చిందంటే మధ్యాహ్నం దాకా పంచాయితీ నడుస్తుంది. అదే రైతు ట్రాక్టర్ ఇంజను విప్పించినప్పుడు మాత్రం, హెడ్ బోల్టులు (ఇంజను పైమూతను పట్టి ఉంచేవి) ఎంత బిగించాలన్నది మెకానిక్ ఉస్తాద్ మణికట్టుకు వదిలేసి చాయ్ తాగడానికి వెళ్తాడు. ఇంతటి ప్రజా విశ్వాసం పొందిన పరికరానికి ప్రభుత్వ గుర్తింపు లేకపోవడం అన్యాయం. తూనికలు కొలతల అధికారులు కాటాలకు వేసినట్టే మణికట్లకూ ముద్ర వేయాలని సవినయంగా కోరుతున్నాను. ఆకలి మీదున్న మణికట్టు, అన్నం తిన్న మణికట్టు వేర్వేరు కొలతలు చూపుతాయి గనుక ఒక్కో చేతికి రెండు ముద్రలు అవసరం కావచ్చు.

గిట్టనివాళ్లు దీనికి అడ్డుపడతారు. బోల్టు కూడా ఒక రకం స్ప్రింగేనని, బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగి, ఆ సాగుడుతోనే హెడ్డును పట్టి ఉంచుతుందని, మనం పెట్టే బలంలో పదింట దాదాపు తొమ్మిది వంతులు రాపిడికే పోయి మిగిలిన ఒక్క వంతే ఆ పనికి వస్తుందని వాళ్ల వాదన. పొడి బోల్టుకు చెప్పిన బిగువును నూనె పూసిన బోల్టుకు ఇస్తే, రాపిడి తగ్గి అది అవసరానికి మించి సాగుతుందని కూడా అంటారు. చేతికి రెండూ ఒకేలా తగులుతాయి. అంటే తప్పు నూనెదే గాని చేతిది కాదని స్పష్టమవుతున్నది.

బిగువును కొలిచి చూపే పానా, అదే టార్క్ రెంచి, లేకపోతే పాత పేపర్లు కొనేవాళ్ల కొక్కెం కాటా చాలునని వీళ్లు చెప్పేది మరీ అవమానకరం. బోల్టు నడిమి నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పానాకు కొక్కెం తగిలించి, పానాకు లంబకోణంలో, కాటా 10 కిలోలు చూపేదాకా లాగితే దాదాపు 25 న్యూటన్ మీటర్ల (బిగువును కొలిచే లెక్క ఇది) బిగువు వస్తుందట. మాన్యువల్ అంతకు రెట్టింపు అడిగితే 20 కిలోలు లాగాలి, లేదా అంతే బలంతో 50 సెంటీమీటర్ల దగ్గర లాగాలి. కాటా మీద అనుమానముంటే (పాత పేపర్ల కాటా మీద అనుమానం లేనివారెవరు?) 10 లీటర్ల నీళ్లు తూచి, బకెట్ బరువు తీసేసి సరిచూసుకోవచ్చునట. ఇంత చవకగా అయ్యే పనికి గౌరవమెక్కడిది? మన షెడ్లలో పానాకు ఇనుప పైపు తొడిగి, ఇద్దరు మనుషులు వేలాడి, బోల్టు కుయ్యిమన్నాక “ఇగ పర్ఫెక్ట్” అనడంలో ఉన్న నిండుదనం కాటాలో లేదు.

కొన్ని ఇంజన్లకు తక్కువ బిగువు తర్వాత 90 డిగ్రీలు తిప్పమని రాస్తారు. దానికి సుద్దముక్కే పరికరం: ఆరు పలకల బోల్టులో ఒక్కో పలక 60 డిగ్రీలు గనుక, గుర్తు పెట్టి పలకన్నర తిప్పితే సరి. అలా సాగదీసే బోల్టులను చాలా కంపెనీలు మళ్లీ వాడవద్దంటాయి. మనవాళ్లు కడిగి వాడతారు, పొదుపు కదా. హెడ్డును నడుమ నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలన్న నియమం ఒకటుంది. దాన్ని పాటించకపోతే హెడ్ వంకరపోయి, దాని కింద సందు మూసే ప్యాకింగ్ కారి, నీళ్లు ఆయిల్‌లో కలిసి చాయ్ రంగుకు వస్తాయి. రైతు తాగి వచ్చిన చాయ్ రంగే కనుక అతనికి కొత్తగా అనిపించదు.

నా బండి సైడ్ కవర్‌కు ఉండేది 10 నంబరు పానా పట్టే చిన్న 6 ఎం.ఎం. బోల్టు, 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగువు దానికి చాలు. ఆ మాట చెప్పి, నేను తెచ్చిన కాటా అందిస్తే, “ముప్పై ఏండ్ల చెయ్యి సార్ ఇది, దీనికి కాటా పెడ్తరా?” అని మా ఉస్తాద్ నొచ్చుకొని, ఆ నొప్పినంతా ఇంకో అరచుట్టులో చూపించాడు. బోల్టు తేలికైపోయింది. బయటికి తీస్తే, కవర్‌లోని అల్యూమినియం మరలు జిలేబీలా దానికి చుట్టుకొని వచ్చాయి. రంధ్రం పెద్దది చేసి కొత్త మర వేయించడానికి మరో షెడ్డుకు పోవలసి వచ్చింది.

కాటాను అక్కడే మరిచి వచ్చాను. నెల తర్వాత వెళ్లి చూస్తే దానికి మంచి కొలువే దొరికింది. విరిగిన బోల్టులను మూట కట్టి, పాత ఇనుము వాడికి అమ్మేముందు ఉస్తాద్ దానితోనే తూస్తున్నాడు, గ్రాము తేడా రానివ్వకుండా.